గంగకు పట్టింది దయ్యం కాదు

‘చంద్రముఖి’ 2005లో వచ్చింది. ఇన్నేళ్లయినా మా నగరిలో ఆ పేరెత్తితే "ఆ దయ్యం సినిమానా?" అనే అంటారు. నిజానికి అందులో రజనీకాంత్ మంత్రగాడు కాదు, మానసిక వైద్యుడు. గంగకు వచ్చింది జబ్బని విడమరిచి చెప్తాడు. ఆ మాట గాలికి పోయింది, గంగగా జ్యోతిక మంచం ఎత్తడం మాత్రం అందరికీ గుర్తుంది.

అపోహ: గొంతు మారి, వేరే భాష మాట్లాడితే ఒంట్లో ఎవరో చేరినట్టే.

వాస్తవం: తనను చంద్రముఖి అనుకున్నప్పుడు గంగ తమిళ సినిమాలో తెలుగు మాట్లాడుతుంది, తెలుగు సినిమాలో తమిళం. అటు తిరుత్తణి, ఇటు పుత్తూరు, మధ్యలో రెండు భాషలూ కలిపి మాట్లాడే మన ఊరికి ఇదొక వింతా! తట్టుకోలేని వేదనలో మనసు తన నుంచి తానే విడివడి మనిషిని వేరొకరిలా మాట్లాడించవచ్చు. తర్వాత ఆ మనిషికి ఏమీ గుర్తుండకపోవచ్చు. దీన్ని డిసోసియేషన్ అంటారు. అలాగని తిరుపతి గంగమ్మ జాతరలో ఒళ్లు మరిచి ఊగేవాళ్లంతా రోగులు కారు. ఆచారంలో భాగంగా వచ్చిపోయే పూనకాన్ని వైద్యులు జబ్బుగా లెక్కగట్టరు. తన ప్రమేయం లేకుండా పదేపదే వచ్చి, సంసారాన్నీ పనినీ దెబ్బతీస్తుంటే అప్పుడు జబ్బు.

తప్పంతా ప్రేక్షకుడిదేనా అంటే, కాదు. డాక్టరు చేత సైన్సు చెప్పించిన సినిమాయే చంద్రముఖి గదికి ఒక పామును కాపలా పెట్టింది, అదెందుకో చెప్పలేదు. చివర్లో చంద్రముఖి పగబట్టిన రాజు బొమ్మను చంపించగానే గంగ ఒక్క రాత్రిలో మామూలు మనిషైపోతుంది. అసలు చికిత్స మాటలతో, ఓపికగా, నెలలూ ఏళ్లూ సాగేది. అది చూపిస్తే టికెట్లు తెగవు మరి! 2023లో ‘చంద్రముఖి 2’ వచ్చేసరికి ఆ సైన్సు ముసుగూ తీసేసి ఆత్మలనే దించారు. జనం నమ్మిందే గెలిచింది.

అపోహ: మనిషిలో ఇద్దరు ముగ్గురుంటే, వాళ్లలో ఒకడు హంతకుడు.

వాస్తవం: ఇది 2005లోనే వచ్చిన ‘అపరిచితుడు’ పుణ్యం. నయమైందని వదిలిపెట్టాక కూడా విక్రమ్ రైల్లోంచి ఒకణ్ణి తోసేస్తాడు. హాల్లో ఈలలు పడే చోటే రోగి మీద అనుమానం ముద్ర కూడా పడింది. తీవ్రమైన మానసిక జబ్బున్నవారిలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు, వాళ్లే దెబ్బలు తినే ప్రమాదం ఎక్కువ. ఇంకో తికమక: స్కిజోఫ్రీనియా అంటే రెండు వ్యక్తిత్వాలు కాదు. లేని గొంతులు వినిపించడం, లేని కుట్రలు నమ్మడం దాని లక్షణాలు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది.

అపోహ: కరెంటు షాకంటే శిక్ష.

వాస్తవం: అది శిక్ష కాదు, మత్తిచ్చి చేసే చికిత్స. మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. రోగిని గొలుసులతో కట్టేయడం కూడా నేరమే. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలోని మానసిక రోగుల ఆశ్రమంలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది కాలిపోయారు.

చెయ్యి విరిగితే ఆ పూటే పుత్తూరు కట్టుకు పరిగెత్తే మనం, మనసు దెబ్బతింటే ముందు తాయెత్తు కట్టించి ఏళ్లు పోగొట్టుకుంటాం. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు.