బోధన్ స్టేషను ఎవరి పద్దులో?

"చెరుకు పాయె, ఫ్యాక్టరీ పాయె, ఇగ రైలెందుకు బిడ్డా?" అని మా ఊళ్లో ఒక పెద్దాయన నన్నడిగాడు. కామర్సు చదువుతున్నానని తెలిసి అడిగిన ప్రశ్న అది. అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకోవచ్చును గాని, రైల్వే వారి జమాఖర్చు తెలియనిదే దానికి సరియైన జవాబు లేదు. ఆ లెక్కను నాకు అర్థమైన మేరకు మిత్రుల ముందుంచుతున్నాను.

సికిందరాబాదు నుండి మన్మాడుకు పోయే మీటరు గేజి లైను 1900 ప్రాంతంలో ఇందూరు మీదుగా పడింది. బోధన్ ఆ దారిలో లేదు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి, కాలువ నీళ్లకు చెరుకు పండి, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. జానకంపేట దగ్గర మెయిన్ లైను నుండి చీలి బోధన్‌కు వచ్చే కొమ్మ లైనుకు ఆ ఫ్యాక్టరీయే ప్రాణం. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. ప్యాసింజరు బండి దాని చలువతో నడిచిందంటే తప్పు లేదు.

చలువ అని ఊరికే అనడం లేదు. మన దేశంలో రైల్వేకు ప్రయాణికుల మీద లాభం లేదు, నష్టమే. ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతున్నదని 2016లో టికెట్ల మీదనే అచ్చువేశారు. తక్కిన లోటును ఎక్కువగా బొగ్గు, సిమెంటు, ధాన్యం మోసే గూడ్సు బండ్ల రాబడి పూడుస్తుంది. అంటే దేశమంతటా గూడ్సు సంపాదిస్తే ప్యాసింజరు తింటుందన్నమాట. ఒక కొమ్మ లైనును విడిగా తూచినా తక్కెడ ఇట్లాగే ఉంటుంది. నిజాం షుగర్స్‌లో 2002లో ప్రైవేటు వారికి 51 శాతం వాటా ఇచ్చారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. చెరుకు రైతుల గోస, కార్మికుల గోస పేపర్లన్నీ రాశాయి. స్టేషను తక్కెడలో ఒక పక్క తేలికైపోయిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇక స్టేషనుకు డబ్బు ఎట్లా వస్తుంది? 2017 నుండి స్టేషన్లకు కొత్త తరగతులు పెట్టారు. అక్కడ బండెక్కే జనమెంత, అక్కడి టికెట్ల రాబడి ఎంత అన్న రెండు లెక్కలను బట్టి ఎన్.ఎస్.జి. ఒకటి నుండి ఆరు దాకా మెట్లున్నాయి. షెడ్డు, నీళ్లు, బెంచీలు, మరుగుదొడ్లు ఎన్నుండాలో ఆ మెట్టును బట్టి నిర్ణయిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని బోధన్ మనిషి తిరుపతికి పోవాలంటే ఏం చేస్తాడు? బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, అక్కడ టికెట్టు కొని, అక్కడే రైలెక్కుతాడు. పోయేవాడు బోధన్ వాడు, పైసలు బోధన్‌వి, జమ మాత్రం నిజామాబాద్ పద్దులో. బండ్లు తక్కువైతే జనం తగ్గుతారు, జనం తగ్గితే మెట్టు తగ్గుతుంది, మెట్టు తగ్గినచోట కొత్త బండి అడిగితే "జనమేరీ?" అంటారు. 2023 ఆగస్టులో అమృత్ భారత్ పథకం కింద తెలంగాణలో 21 స్టేషన్లకు శంకుస్థాపన జరిగింది. నిజామాబాద్, కామారెడ్డి అందులో ఉన్నాయి, బోధన్ లేదు. ఈ లెక్క చూసినవారికి ఆశ్చర్యం కలగదు.

దీనికి తోడు మరో చిత్రం. 2023 డిసెంబరులో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేకుండా చేశారు. మంచిదే, మా అమ్మ కూడ సంతోషించింది. అయితే బస్సులో ఆ టికెట్టు భారం రాష్ట్ర సర్కారుది, రైలులో లోటు కేంద్రానిది. దారి ఒకటే అయినా సాయం చేసే చేతులు రెండు, ఒకదాని లెక్క మరొకదానికి పట్టదు. పైసా లేని బస్సు ఎదురుగా ఉండగా పది రూపాయల రైలెక్కేదెవరు?

కొత్త లైను సంగతీ ఇంతే. బోధన్ కొమ్మ లైనుకు చివరి స్టేషను. బీదరు దాకా పొడిగిస్తే నడిమి స్టేషనవుతుంది, దూరపు బండ్లు వస్తాయి. అందుకే సర్వేలు జరిగాయి. కాని కొత్త లైనుకు నూటికి 14 చొప్పున రాబడి చూపాలన్నది చాలాకాలం రైల్వే వారి కొలబద్ద. వెనకబడిన ప్రాంతం ఆ 14 ఎక్కడ చూపుతుంది? ఆ కొలతకు అందని చోట రాష్ట్రం చెయ్యి వేస్తేనే పని సాగింది. అక్కన్నపేట–మెదక్ లైనులో సగం ఖర్చు రాష్ట్రానిది, 2022లో బండి నడిచింది. మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు మూడో వంతు ఖర్చు, ఉచితంగా భూమి, మొదటి అయిదేళ్ల నష్టం కూడ రాష్ట్రమే భరించే ఒప్పందం. సిద్దిపేట దాకా 2023 అక్టోబరులో రైలు వచ్చింది. వాటా లేకుండా మొదలైన పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పునాది వేస్తే పూర్తయ్యేసరికి 2017. పునాదినాడు పుట్టిన పిల్ల డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చుంది.

చిన్న స్టేషనును నిలబెట్టడానికి కోట్లే అక్కరలేదు. హాల్టు స్టేషన్లలో కమీషను మీద టికెట్లమ్మే ఏజెంటును పెట్టే పద్ధతి ఎప్పటినుండో ఉంది, జీతాల భారం తగ్గుతుంది. పార్లమెంటు సభ్యుని ఏటా అయిదు కోట్ల నిధితో ప్రయాణికుల సౌకర్యాలు కట్టించవచ్చు. కాని షెడ్డు కట్టినంత మాత్రాన బండి రాదు. ఈ ప్రాంతపు బియ్యం, పసుపు, మక్కజొన్న లారీలకెక్కకుండా కొంతైనా వ్యాగన్లకెక్కితేనే తక్కెడ మళ్లీ సమానమవుతుందని నా అభిప్రాయం. బీదరు లైనుకైతే మరో పేచీ ఉంది: బీదరు కర్ణాటకలోది. వాటా అడగవలసింది ఒక సర్కారును కాదు, ఇద్దరిని. వారిలో ముందు సంతకం పెట్టేదెవరో ఇంకా తేలలేదని ఆ పెద్దాయనకు చెప్పాను.