జీడిపప్పు పనిలో చేయి కాలుట ఎందువలన?

టెక్కలి దాటి పలాస వైపు పోయినచో, ఉద్దానపు తోటలలో పండిన జీడిపిక్కలను పప్పుగా మార్చు కర్మాగారములు కనబడును. అందు కూలికి పోవువారిలో స్త్రీలే హెచ్చు. "జీడిపప్పు పని" యని మనమందరము ఒక్క మాటలో అనుచుందుము. కాని అది ఒక్క పని కాదు. అందలి అపాయమును కనిపెట్టవలెనన్నచో పనిని అంచెలుగా విడదీసి, ఒక్కొక్క అంచె యొద్ద నిలిచి చూడవలెను.

పిక్కలను ఆవిరిలో ఉడికింతురు. ఆరబోసి చల్లార్తురు. కత్తి అమర్చిన చిన్న యంత్రముతో కోసి పప్పు తీయుదురు. ఆ పప్పును వేడి గదిలో ఎండబెట్టి, పైపొర ఒలిచి, పరిమాణమును బట్టి ఏరుదురు. ప్రతి అంచెలోను అడుగవలసినవి రెండే ప్రశ్నలు: ఇచట చేయి దేనిని తాకుచున్నది? ఏమి తప్పినచో కీడు కలుగును?

ముఖ్యమైన కీడు తొక్కలో నున్నది. దాని పొరల నడుమ తేనెపట్టు గదుల వంటి అరలలో ఘాటైన నూనె యుండును. అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అను పదార్థములు అందు గలవు. అవి చర్మమును పొక్కించును. బట్టలకు గుర్తులు పెట్టుటకు వాడిన నల్లజీడి కూడ ఈ కుటుంబములోనిదే. దాని ఘాటు మన పెద్దలు ఎరుగుదురు.

బొబ్బలు కోత కోయు స్త్రీ చేతిపై కనబడును. కారణము మాత్రము అంతకు ముందటి అంచెలో నుండవచ్చును. ఉడికిన పిక్క బాగుగా చల్లారి ఆరినచో తొక్క పెళుసుబారి తేలికగా విరుగును. తొందరపడి కోతకు తెచ్చినచో మెత్తని తొక్క నలిగి, వేడికి పలుచబడిన నూనె చిమ్మును. కనుక మొదట సరిచేయవలసినది ఆరబోత.

చేతి తొడుగులు ఇచ్చినను వేసికొనరని కొందరు ఫిర్యాదు చేయుదురు. కిలోల లెక్కన కూలి పొందునపుడు తొడుగు వలన వేలి చురుకు తగ్గినచో ఆ నష్టము ఎవరిది? కూలి లెక్క మార్చక తొడుగును మాత్రమే ఇచ్చుట న్యాయమని మాకు తోచదు. ఆముదము, బూడిద పూసికొనుట కొంత మేలే. అయినను అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుటకు నీరు దగ్గరగా ఉండవలెను.

ఆవిరి యంత్రము, తొక్కలు మండించిన పొగ, దినమంతయు నేలపై కూర్చుండి పప్పు ఏరుటవలన వచ్చు నడుమునొప్పి, ఇవియు ఆయా అంచెలలో వ్రాసికొనదగినవే. అయితే ఈ జాబితాను మేస్త్రీ ఒక్కడే వ్రాయరాదు. ఏ పూట పిక్క పచ్చిగా వచ్చినదో కోత బల్ల ముందు కూర్చున్న ఆమెకు తెలిసినంతగా అతనికి తెలియదు.