ప్రోగ్రామింగ్ భాషా ప్రమాణాలు – ఉచిత లభ్యత: బోధనా దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సహజ భాషకు వ్యాకరణం ఎటువంటిదో ప్రోగ్రామింగ్ భాషకు ప్రమాణపత్రం అటువంటిది. ఏ వాక్యం సాధువో, దాని అర్థమేమిటో నిర్ణయించేది అదే. అయితే వ్యాకరణం వాడుకను అనుసరిస్తుంది. ప్రమాణం కంపైలర్ నిర్మాతను శాసిస్తుంది. ఆ శాసనాన్ని చదవడానికి వెల చెల్లించవలసి వస్తే బోధనకు కలిగే నష్టమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

పరీక్షాపత్రంలో సమస్య

నల్లగొండ జిల్లా దేవరకొండ వంటి పట్టణంలో డిగ్రీ విద్యార్థికి సీ భాష ప్రధానంగా పాఠ్యపుస్తకం ద్వారానే పరిచయమవుతుంది. ఐ విలువ 5 అయినప్పుడు ‘ఐ++ + ++ఐ’ ఫలితమెంత అనే తరహా ప్రశ్న తరచుగా కనిపించేదే. ఎడమ నుండి కుడికి లెక్కించి 12 అని సమాధానం ఇస్తారు. కాని సీ ప్రమాణం 6.5 విభాగం ప్రకారం, క్రమనిర్ణయం లేకుండా ఒకే చరరాశిని రెండుసార్లు మార్చే సమాసానికి నిర్దిష్ట ఫలితం లేదు. ఒక కంపైలర్ 12 ఇచ్చినా, మరొకటి వేరొక విలువ ఇచ్చినా ప్రమాణోల్లంఘన కాదు. కనుక ‘నిర్దిష్ట ఫలితం లేదు’ అని వ్రాసిన విద్యార్థిదే సరైన సమాధానం. మూల్యాంకనం చేసే అధ్యాపకునికి మూలపాఠం అందుబాటులో లేకపోతే ఆ విద్యార్థి మార్కులు కోల్పోతాడు.

కూర్పు మారితే నియమమూ మారవచ్చు. ‘ఐ = ఐ++’ అనే వాక్యానికి సీలో నేటికీ నిర్దిష్ట ఫలితం లేదు; సీ++ 2017 కూర్పు మాత్రం దానికి నిశ్చితార్థం కల్పించింది. ఏ కూర్పో చెప్పని ప్రశ్న అసంపూర్ణ ప్రశ్నే.

లభ్యతలో తారతమ్యాలు

సీ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 9899ను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెలకు విక్రయిస్తుంది. అయితే 2011 కూర్పుకు ముందు కమిటీ వెలువరించిన ఎన్1570 ముసాయిదా ఉచితంగా లభిస్తుంది. 1997లో వెలువడిన ఎక్మా-262 మొదలుకొని జావాస్క్రిప్ట్ ప్రమాణ కూర్పులన్నీ ఉచితమే. అడా భాష కూడా ఐఎస్ఓ ప్రమాణమే అయినా దాని రెఫరెన్స్ మాన్యువల్‌ను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. జావా, పైథాన్ భాషల నిర్దేశ గ్రంథాలూ అంతే. తెలుగు లిపికి 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించిన యూనికోడ్ పట్టికలు సైతం అందరికీ తెరిచే ఉన్నాయి. కాబట్టి ప్రమాణీకరణకు వెల అనివార్యమనే వాదన నిలవదు.

భారతీయ సందర్భం

ప్రమాణాల ఉచిత లభ్యత కోసం 2015లో కార్ల్ మాలముద్, హైదరాబాదుకు చెందిన శ్రీనివాస్ కొడాలి, సుశాంత్ సిన్హా ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. అనంతర కాలంలో భారతీయ ప్రమాణాల బ్యూరో తాను స్వయంగా రూపొందించిన ప్రమాణాలను ఉచితంగా అందించసాగింది. ఐరోపా న్యాయస్థానం కూడా 2024 మార్చి 5 నాటి తీర్పులో, చట్టంలో భాగమైన ప్రమాణాలను తెలుసుకోవడంలో ప్రజాప్రయోజనం ఉందని గుర్తించింది. ఇవి ప్రధానంగా భద్రత, చట్టాలకు సంబంధించిన ప్రమాణాలు; ప్రోగ్రామింగ్ భాషలకు నేరుగా వర్తించవు. అయినా నియమానికి బద్ధులైనవారు ఆ నియమాన్ని చదవగలగాలనే సూత్రం రెండింటికీ సమానమే.

ముగింపు

ముసాయిదా అధికారిక పాఠం కాదు. పరిశోధకుడు దానిని ఉదహరించేటప్పుడు ముసాయిదా సంఖ్యను స్పష్టంగా పేర్కొనాలి. బోధనావసరాలకు మాత్రం అది చాలావరకు సరిపోతుంది. ఉచిత ప్రతులను కళాశాల గ్రంథాలయాలలో భద్రపరచడం, ప్రశ్నపత్రాలలో ప్రమాణ కూర్పును పేర్కొనడం, వివాదాస్పద సమాధానాలను మూలపాఠంతో సరిచూడడం వెంటనే ఆచరణలో పెట్టదగినవి. అప్పుడే తరగతి గదిలో తుది మాట పాఠ్యపుస్తకానిది కాక ప్రమాణానిది అవుతుంది.