విజయవాడ జనాభా ఎంత? 2011 నాటి లెక్కతోనే నడుస్తున్న బెజవాడ బండి!

బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో ఎక్కి బందర్ రోడ్డు మీద బయల్దేరండి. పటమట దాటాక, ఆటోనగర్ గేటు దాటాక, కామయ్యతోపు వస్తుంది. ఆ తర్వాత కానూరు, తాడిగడప, పోరంకి. షాపులు ఆగవు, అపార్ట్‌మెంట్లు ఆగవు, ట్రాఫిక్ అసలే ఆగదు. కానీ ఈ దారిలో ఒకచోట మీరు విజయవాడ దాటేశారు. ఎక్కడ దాటారో ఆటో డ్రైవర్‌ని అడిగినా చెప్పలేడు. పోరంకిలో ఉండేవాళ్లని "ఏ ఊరు" అని అడిగితే "విజయవాడ" అనే అంటారు. రికార్డుల్లో మాత్రం వాళ్లు విజయవాడ కాదు. తాడిగడప మున్సిపాలిటీ, కృష్ణా జిల్లా.

ఇందులో ఏముంది, గవర్నమెంట్ పేపర్ల గోలే కదా అనుకోవచ్చు. కానీ ఊరికి ఎన్ని నిధులు రావాలి, ఎంతమందికి రేషన్ ఇవ్వాలి, ఎన్ని నీళ్లు పంపాలి.. ఇవన్నీ మొదలయ్యేది ఒక్క అంకెతోనే. ఆ అంకె జనాభా.

10 లక్షలా? 15 లక్షలా?

మన దగ్గర చివరి జనగణన జరిగింది 2011లో. అప్పుడు విజయవాడ కార్పొరేషన్‌లో తేలిన జనం 10 లక్షల పైచిలుకు. కార్పొరేషన్ విస్తీర్ణం సుమారు 62 చదరపు కిలోమీటర్లే. అంటే ఒక్కో చదరపు కిలోమీటర్‌లో 16 వేలకు పైగా మనుషులు. పైగా ఆ 62లో కొండలున్నాయి, కాలువలున్నాయి, రైల్వే స్థలాలున్నాయి. అవి తీసేస్తే మనిషికి మిగిలే జాగా ఎంతో వన్‌టౌన్ సందుల్లో ఒక్కసారి తిరిగితే అర్థమైపోతుంది.

అదే 2011 జనగణనలో ఇంకో లెక్క కూడా ఉంది. అర్బన్ అగ్లోమరేషన్.. అంటే ఊరు, దానికి అతుక్కుని పెరిగిన చుట్టుపక్కల ప్రాంతాలు కలిపి. కృష్ణ అవతల ఉన్న తాడేపల్లి, మంగళగిరి కూడా ఇందులోకి వస్తాయి. ఆ లెక్క దాదాపు 14 లక్షల 80 వేలు. ఒకే ఊరికి, ఒకే ఏడాది, రెండు అంకెలు. తేడా నాలుగున్నర లక్షలు!

"వైజాగ్ పెద్దదా, బెజవాడ పెద్దదా" అనే పంచాయితీ సోషల్ మీడియాలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కదా. 2011లో విశాఖ 17 లక్షల పైనే ఉంది కాబట్టి వైజాగే పెద్దది, డౌట్ లేదు. కానీ అక్కడ 2005లోనే గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి గ్రేటర్ చేశారు. తర్వాత భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్ విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. 600తో 62ని పోల్చి ఎవరు పెద్ద అంటే ఏం చెప్తాం? అతుక్కున్న ఊళ్లతో కలిపి చూస్తే తేడా 7 లక్షలు కాదు, రెండున్నర లక్షలే.

అమెరికాలో ఇదే కథ

ఈ గీతల గొడవకు ప్రపంచంలో ఫేమస్ ఉదాహరణ సెయింట్ లూయిస్. మిస్సోరీ రాష్ట్రంలో ఉంది, మాస్టర్స్ పుణ్యమా అని మనవాళ్లకు తెలిసిన పేరే. 1876లో ఆ సిటీ తన కౌంటీ నుంచి విడిపోయి హద్దు గీసుకుంది. శివారు పల్లెల ఖర్చు మాకెందుకు అనేది అప్పటి ఆలోచన. ఆ గీత ఇప్పటికీ కదల్లేదు. లోపల సుమారు 62 చదరపు మైళ్లు. అక్కడ మైళ్లు, ఇక్కడ కిలోమీటర్లు.. అంకె మాత్రం ఒకటే, చూశారా!

1950లో సెయింట్ లూయిస్ జనాభా 8 లక్షల 56 వేలు. 2020లో 3 లక్షలు. జనం ఎక్కడికో పోలేదు, చాలామంది గీత దాటి శివార్లకు వెళ్లారు. మొత్తం మెట్రో ప్రాంతం చూస్తే ఇప్పటికీ 28 లక్షలు ఉంటారు. కానీ ట్యాక్స్ కట్టే జనం బయటకు పోయారు, పాత రోడ్లు, పాత పైపులు సిటీ నెత్తిన మిగిలాయి. పైగా నేరాల రేటు లెక్కేసేటప్పుడు 28 లక్షలతో కాదు, ఆ 3 లక్షలతోనే భాగిస్తారు. దాంతో డేంజర్ సిటీ అనే పేరు కూడా వచ్చి పడింది.

మనకు వాళ్లకు ఒక తేడా ఉంది. వాళ్లు పదేళ్లకోసారి లెక్కపెట్టడం 1790 నుంచి ఆపలేదు, కోవిడ్ టైంలో 2020లో కూడా. మన దగ్గర 2021లో జరగాల్సింది ఆగిపోయింది.

డబ్బంతా గీత బయటేనా?

అసలు బెజవాడ బతికేదే దారి మీద. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, కాలువలతో డెల్టా పండింది. 1890ల్లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. మద్రాసు, కలకత్తా, హైదరాబాద్ లైన్లన్నీ ఇక్కడ కలిశాయి. 1901లో 24 వేల మంది ఉన్న ఊరు 1951కి లక్షా 61 వేలు అయ్యింది. ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీ వచ్చి ఊరిని పెంచలేదు. సరుకు దిగింది, ఎక్కింది, మధ్యలో నాలుగు చేతులు మారింది. ఆ చేతులే ఈ ఊరు.

1960ల్లో మొదలైన ఆటోనగర్‌ది కూడా అదే లాజిక్. రెండు పెద్ద హైవేలు కలిసే చోట లారీలు ఆగుతాయి, ఆగిన లారీకి రిపేర్ కావాలి. లేత్ మిషన్, టింకరింగ్, పెయింటింగ్, బాడీ బిల్డింగ్, పాత స్పేర్ పార్టులు.. ఒక్కో షెడ్డులో ఒక్కో పని. ఇంజిన్ సౌండ్ విని రోగం చెప్పే మేస్త్రీలు అక్కడ ఉన్నారు, సర్టిఫికెట్ అడిగితే మాత్రం ఉండదు. వన్‌టౌన్‌లో వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్ల నుంచి జిల్లాలకు బట్టల మూటలు వెళ్తాయి. తర్వాత కాలేజీలొచ్చాయి, వాటితో పాటు హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు.

ఇప్పుడు ఒకసారి మ్యాప్ చూడండి. ఎయిర్‌పోర్టు గన్నవరంలో. ఐటీ క్యాంపస్ కేసరపల్లిలో. థర్మల్ స్టేషన్ ఇబ్రహీంపట్నంలో. మామిడి మార్కెట్ నున్నలో. ఎయిమ్స్ మంగళగిరిలో, సచివాలయం వెలగపూడిలో. 2025 మార్చిలో మొదలైన అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంట్ హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో. కార్పొరేషన్ హద్దులో ఒక్కటీ లేదు. 2022 జిల్లాల విభజన తర్వాత ఇవి ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు.. మూడు జిల్లాల్లో పడ్డాయి. గన్నవరంలో పనిచేసి మొగల్రాజపురంలో అద్దెకుండే కుర్రాడు రోజూ రెండుసార్లు జిల్లా దాటుతున్నాడు.

గ్రేటర్ విజయవాడ ప్రతిపాదన ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. కలిస్తే ఇంటి పన్ను పెరుగుతుందని పంచాయతీల భయం. ఆ భయం తప్పని చెప్పలేం. కానీ డ్రైనేజీ, చెత్త, మంచినీళ్లు గీత చూసి ఆగవు కదా!

బుడమేరు చెప్పిన లెక్క

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చింది కూడా అప్పుడే. మునిగిన ఏరియాల్లో ఎక్కువగా ఎవరుంటారు? ఆటో డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఆటోనగర్ వర్కర్లు. ఊరు నడిపేది వాళ్లే, ఉండేది మాత్రం నీళ్లొచ్చే దారిలో. ఎందుకంటే ఊళ్లో అద్దెలు కట్టలేరు.

నీళ్లు తగ్గాక ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులో ఉన్నవాళ్లకు 10 వేలు ప్రకటించింది. సచివాలయ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి లిస్టు రాశారు. ఆ తర్వాత మా పేరు లేదంటూ కలెక్టరేట్ దగ్గర జనం క్యూ కట్టారు. ఇల్లు ఇక్కడ, రేషన్ కార్డు సొంతూళ్లో ఉన్న కుటుంబాలు ఈ ఊళ్లో బోలెడు. మునిగింది మనమేనని నిరూపించుకోవడానికి కూడా కాగితం కావాలి.

ఇప్పుడేం చేస్తారు?

వచ్చే జనగణన రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. షెడ్యూల్ ప్రకారం ఇళ్ల లెక్క 2026 ఏప్రిల్, సెప్టెంబర్ మధ్యలో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. జిల్లాలు, మున్సిపాలిటీల హద్దుల్ని 2025 డిసెంబర్ 31 నాటికి ఖరారు చేసుకోవాలని రాష్ట్రాలకు గడువు పెట్టారు. ఆ రోజుకి గీత ఎక్కడుంటే, లెక్క అక్కడే. కేంద్ర ఆర్థిక సంఘం మొన్నటి వరకు పట్టణాలకు నిధులు పంచింది 2011 జనాభా చూసే. ఆహార భద్రత చట్టం కింద రేషన్ ఎంతమందికో తేలింది కూడా ఆ లెక్కతోనే.

మీ వైపు నుంచి చూసుకోవాల్సింది ఒకటుంది. జనగణనకు ఓటు ఎక్కడ, ఆధార్‌లో అడ్రస్ ఏంటి అనేదాంతో పనిలేదు. ఆ రోజుల్లో మామూలుగా ఎక్కడ ఉంటున్నారో అక్కడే రాయించుకోవాలి. తిరువూరు నుంచి వచ్చి భవానీపురంలో అద్దెకుంటే విజయవాడలోనే. గుణదలలో హాస్టల్‌లో ఉండే పిల్లల్ని హాస్టల్‌లోనే లెక్కేస్తారు, ఇంటి దగ్గర అమ్మానాన్నలు మళ్లీ చెప్పకూడదు. ఇల్లు లేనివాళ్ల కోసం 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా తిరిగి లెక్కపెట్టారు. బస్టాండ్, రైల్వే స్టేషన్, కృష్ణా ఘాట్లు.. బెజవాడలో అలాంటి చోట్లు తక్కువేం కాదు.