దీపమార్పి తెర చూడవచ్చునా?

రాత్రి భోజనములైన పిమ్మట దీపములన్నియు నార్పి టెలివిజన్ ముందు గూర్చుండుట నేడు పెక్కిండ్ల వాడుక. సినిమాహాలు చీకటిగా నుండును గదా, ఇంటిలోను నట్లే యుండిన బొమ్మ బాగుగ గనబడునని తలంపు. బిడ్డ నిదుర చెడునని దీపమార్పి, ప్రక్కమీద సెల్‌ఫోను చూచుకొను తల్లులును గలరు. మా యింటను నిదియే వాడుకగా నుండెడిది. తరువాత తలనొప్పి, కన్నుల మంట! ఇట్లేల కలుగునో సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

కనుపాప వెలుతురులో ముడుచుకొనును, చీకటిలో విప్పారును. చీకటిగదిలో తెర యొక్కటియే వెలుగుచుండగా, దృశ్యము మాఱినప్పుడెల్ల వెలుగు హెచ్చి తగ్గుచుండును. దానితోపాటు కనుపాపయు మాటిమాటికి సర్దుకొనవలసి వచ్చును. ప్రకాశించు తెరకును, చుట్టునున్న చీకటికిని గల యంతరము కన్నులకు మఱింత శ్రమ గూర్చును.

సినిమాహాలుతో పోలిక సరికాదు. కాంతిని గొలుచు ‘నిట్’ అను మానమున సినిమాతెర వెలుగు సుమారు 48 మాత్రమే. నేటి టెలివిజన్ల వెలుగు పలుమాఱు కొన్ని వందలుండును. పైగా హాలులో తెర దూరముగా నుండును. ఇంటిలో మనము చేరువనే కూర్చుందుము. తదేకముగా చూచునపుడు ఱెప్పపాటు తగ్గి కన్నెండుటయు గలదు.

అట్లని కన్నులు పోవునని భయపడ నక్కఱలేదు. చీకటిలో తెర చూచినంతమాత్రమున శాశ్వతహాని కలుగదు. అది యలసటయే, విశ్రాంతిచే తీరును.

ఉపాయము సులభము. టెలివిజన్ వెనుక గోడపై వెలుగు పడునట్లు చిన్నదీపము నుంచవలయును. బల్బు మాత్రము కంటికి కనబడరాదు. తెర కెదురుగా దీపమున్నచో దాని నీడ తెరలో మెఱయును. పగటివేళ కిటికీ తెరకు ప్రక్కగా నుండుట మేలు. రాత్రి తెర వెలుగును దగ్గించుకొనవలెను. పసిబిడ్డగల తల్లి ఫోను చూడక తప్పనిచో, గదిమూలను మసకదీప ముంచుకొనుట మంచిది. 20 నిమిషముల కొకమాఱు, 20 అడుగుల దూరమునందలి వస్తువును 20 సెకండ్లు చూచినచో కన్నులకు విశ్రాంతి గలుగును.

ఇంత చేసియు తలనొప్పి మానకున్నను, బిడ్డ కన్నులు చిట్లించుచు తెరకు దగ్గరగా జరుగుచున్నను, నేరము దీపముపై మోపి యూరకుండరాదు. అది హ్రస్వదృష్టియేమో! నేత్రవైద్యునిచే పరీక్ష చేయించుటకు జాగు చేయకుందుము గాక.