మాల్ కూలగొట్టి బజారు కట్టుకున్నరు

మన దిక్కు హైవే పక్కన ఒక పెద్ద మాల్ లేస్తే సాలు, ‘మా ఏరియా డెవలప్ అయింది’ అని స్టేటస్‌లు పెట్టుకుంటున్నం. సంబురం ఎవరికి చేదు? కానీ ఆ మాల్‌ను పుట్టించిన అమెరికాలనే ఇప్పుడు కథ తిరగబడ్డది. యాభై, అరవై ఏండ్ల కింద కట్టుకున్న మాల్‌లను కొన్ని ఊర్లు కూలగొట్టుకుంటున్నయి. ఆ జాగల గల్లీలు, చౌరస్తాలు, కింద దుకాణం మీద ఇల్లు ఉండే బజార్లు కట్టుకుంటున్నయి. అంటే ఇంచుమించు మన పాత బజారు లాంటిదే. అదీ కోట్ల డాలర్లు పోసి. గట్ల ఎందుకు చేస్తున్నరో ఒక్క ఊరి ముచ్చట చూస్తే సమజైతది.

ఆ ఊరు పేరు లేక్‌వుడ్. కొలరాడో రాష్ట్రంల డెన్వర్ నగరానికి పడమర దిక్కు ఉంటది. జనాభా లక్షన్నర దాటింది. అక్కడ 1966ల విల్లా ఇటాలియా అనే మాల్ తెరిచిన్రు. లేక్‌వుడ్ ఒక నగరంగా ఏర్పడ్డదే 1969ల. అంటే ఊరికన్నా మాలే మూడేండ్లు పెద్దది. డెన్వర్‌ల కొలువు చేసెటోళ్లు ఇండ్లు కట్టుకుంట పోతే పెరిగిన శివారు అది. దానికి నడిబజారు అన్నదే లేకుండె. బట్టలు కొనాలన్నా, దోస్తులను కలవాలన్నా, పండుగకు దీపాలు చూడాలన్నా ఆ మాల్‌కే పోవాలె. అదీ కారుల పోవాలె.

మాల్ కట్టుబడి ఎట్లుంటదో ఒకసారి యాది చేసుకోండ్రి. నడుమ కిటికీలు లేని పెద్ద డబ్బా. చుట్టూ తారు పోసిన కార్ల మైదానం. దుకాణాల మొఖాలన్నీ లోపలి దిక్కే, రోడ్డు దిక్కు ఉత్త గోడ. రాత్రి తలుపేస్తే ఆ జాగల మనిషి అలికిడి ఉండదు. ఎందుకంటే అక్కడ ఎవరూ బతుకరు, కొననీకి మాత్రమే వస్తరు.

ఇట్ల కట్టినదానికి ఒక పెద్ద కష్టం ఉన్నది. మన బజారుల వంద దుకాణాలుంటే వందమంది ఓనర్లుంటరు. ఒక షాపు మూతపడితే ఆర్నెల్లల్ల ఇంకొకటి తెరుస్తరు. బట్టల కొట్టు పోయి మొబైల్ షాపు వస్తది, అది పోయి టిఫిన్ సెంటర్ వస్తది. బజారు మాత్రం ఉంటది. మాల్ అట్ల కాదు. రెండు మూడు పెద్ద దుకాణాల కోసం జనం వస్తరు, ఆ జనం మీద చిన్న దుకాణాలు బతుకుతయి. కొత్త మాల్‌లు వచ్చి పెద్ద దుకాణం ఒకటి లేచిపోతే చిన్నయి వరుసబెట్టి మునుగుతయి. విల్లా ఇటాలియా గట్లనే చితికిపోయి 2001ల మూతపడ్డది.

దెబ్బ దుకాణదారులకే తగిలిందనుకోకుండ్రి. కొలరాడోల నగరాలు ఎక్కువగా అమ్మకం పన్ను మీదనే నడుస్తయి. మాల్‌ల గిరాకీ పోయిందంటే మున్సిపాలిటీ గల్లా పెట్టెకు బొక్క పడ్డట్టే. రోడ్డు రిపేరు, పోలీసు జీతం, పార్కు నీళ్లు, అన్నిటికీ తిప్పలే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలె. నాలుగు గోడల నడుమ మొత్తం మూసి ఉండే మాల్‌ను అమెరికాల మొదలు గీసింది విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్. యూరప్‌ల వియన్నా నగరపాయన. నాజీల బాధ పడలేక 1938ల అమెరికాకు పారిపోయి వచ్చిండు. 1956ల మిన్నెసోటాల ఆయన గీసిన సౌత్‌డేల్ మాల్ తెరిచిన్రు. ఆయన మనసుల ఉన్నది వియన్నా బజార్లే. మాల్ చుట్టూ ఇండ్లు, ఆఫీసులు, దవాఖాన, పార్కు అన్నీ రావాలె, కార్లల్ల ఒంటరిగ తిరిగెటోళ్లకు కలుసుకునే జాగ దొరకాలె అనుకున్నడు. కట్టెటోళ్లు ఏం చేసిన్రు? లాభమొచ్చే డబ్బాను ఉంచుకుని మిగతాదంతా వదిలేసిన్రు. ముసలితనంల ఆయన ఆ మాల్‌లు నావి కావని బయటికే చెప్పిండు.

ఇప్పుడు లేక్‌వుడ్ ఏం చేసిందో చూద్దాం. ఆ జాగ 104 ఎకరాలు. ‘ఇంకో కొత్త మాల్ కడుదాం’ అనుకునుంటే ఇరవై ఏండ్లకు మళ్ల అదే గతి. నగరపోళ్లు జనంతోని సలహా సంఘం ఏసి మాట్లాడిన్రు. మాకు ఒక డౌన్‌టౌన్ కావాలె అని తేలింది. కాంటినమ్ పార్ట్‌నర్స్ అనే కంపెనీతోని కలిసి పాత మాల్‌ను కూలగొట్టిన్రు. 2004ల కొత్త బజారు మొదటి భాగం తెరిచిన్రు. పేరు బెల్మార్.

ముందు గీసింది బిల్డింగులు కాదు, వీధులు. 104 ఎకరాలను అడ్డం పొడుగు రోడ్లతోని 22 చిన్న ముక్కలు చేసిన్రు. రోడ్లను కూడా కలుపుకుని లెక్కేసినా ఒక్క ముక్క సగటున ఐదెకరాల లోపే. ముక్క చిన్నదైతే ఏమొస్తదంటే, నాలుగడుగులు ఏస్తే చౌరస్తా వస్తది. అటు పోవచ్చు, ఇటు పోవచ్చు. నడిచెటోనికి దారి దగ్గరైతది, విసుగు రాదు.

తర్వాత దుకాణాల తలుపులను వీధి దిక్కు తిప్పిన్రు. కింద దుకాణం, మీద ఇల్లో ఆఫీసో. పక్క గల్లీలల్ల ఉత్త ఇండ్లు. నడుమ ఒక మైదానం, అండ్ల చలికాలం మంచు గడ్డమీద జారే ఆట. కార్లను పూర్తిగ వెళ్లగొట్టలేదు. వాటి కోసం అంతస్తుల షెడ్లు కట్టి బిల్డింగుల ఎన్క పెట్టిన్రు, వీధి వెంబడి కూడా కొంత జాగ ఇచ్చిన్రు. ఆ షెడ్ల మీద సోలార్ పలకలు పరిచిన్రు. ఇండ్లున్నయి కాబట్టి పొద్దుగూకినంక కూడా వీధిల మనుషులుంటరు. మనుషులుంటే భయం తగ్గుతది, దుకాణం నడుస్తది. దాంట్ల ఉన్న కిటుకు ఇంతే.

ఖర్చు ఊరికే రాలేదు. పాత మాల్ అడుగున, బట్టలు ఉతికే దుకాణం వాడిన రసాయనం మట్టిల ఇంకింది. గోడలల్ల ఆస్‌బెస్టాస్ ఉండె. అవన్నీ తీసి శుభ్రం చేయాల్సొచ్చింది. రోడ్లకు, పార్కింగుకు బాండ్ల మీద అప్పు తెచ్చిన్రు. ఆ అప్పు తీర్చనీకి అక్కడ కొనే వస్తువుల బిల్లు మీద అదనంగ కొంత ఫీజు ఏసిన్రు. అంటే తప్పు గీత ఒకసారి గీస్తే, దాన్ని చెరపనీకి అయ్యే ఖర్చు జనం జేబుల నుంచే పోతది.

అట్లని బెల్మార్‌ను స్వర్గం చేసి చెప్పలేం. డెన్వర్ నుంచి పడమరకు లోకల్ రైలు 2013ల వచ్చింది, కానీ ఆ స్టేషన్ బెల్మార్‌కు రెండు కిలోమీటర్ల పైనే దూరం. లోపలికి పోయినంక హాయిగ నడువచ్చు, లోపలిదాకా పోవాలంటే ఎక్కువ మందికి కారే దిక్కు. ఇంకొకటి, వందేండ్లల్ల వందమంది చేతుల మీద పెరిగిన బజారు వేరు, ఒక కంపెనీ ఒక్కసారి కట్టింది వేరు. కిరాయి ఎంతుండాల్నో ఆ కంపెనీ చేతిలనే ఉంటది. నడువనీకి బాగున్న జాగ తక్కువుంటే దాని రేటు పెరుగుతది. కౌంటర్ల నిలబడి అమ్మే పిల్లకు ఆ కౌంటర్ మీది అంతస్తుల ఇల్లు దొరుకుతదా అన్న ప్రశ్న ప్రతి ఇసొంటి బజారుకూ ఉంటది.

ఆ ప్రశ్న మీద కొట్లాట చూడాలంటే కాలిఫోర్నియాల కూపర్టినో పోవాలె. మన తెలుగు సాఫ్ట్‌వేరోళ్లకు బాగ తెలిసిన ఊరే, యాపిల్ కంపెనీ ఆఫీసు అక్కడనే. అక్కడ 1976ల తెరిచిన వాల్కో మాల్ కూడా చితికిపోయింది. ఆ జాగల ఏం కట్టాలన్నదాని మీద 2016ల జనం ఓట్లేసిన్రు. రెండు ప్రతిపాదనలు పెడితే రెండూ ఓడిపోయినయి. ట్రాఫిక్ పెరుగుతది, బడులు నిండుతయి, ఊరు రూపు మారుతది అని ఇండ్లున్నోళ్ల భయం. ఇండ్లు లేనోళ్లు కిరాయిల కింద నలుగుతనే ఉండిరి. చివరికి ఇండ్ల అనుమతిని ఊరు ఆపకుండ రాష్ట్రం చేసిన కొత్త చట్టం కింద 2018ల ఒక ప్లాన్‌కు అనుమతి వచ్చింది. 2,402 ఇండ్లు, అండ్ల సగం తక్కువ ఆదాయమోళ్లకు. తర్వాత ఆ ప్లాన్ మళ్ల మారింది, ఏండ్లు గడిచినయి. కూలగొట్టుడు అల్కగైంది, కట్టుడు కష్టమైంది.

ఇగ మన సంగతికి వస్తే, మన పాత బజారుల దుమ్ముంది, మోరీ కంపుంది, ఆగిన ఆటోల లొల్లుంది. వాటిని బాగు చేసుకోవాలె. కానీ లేక్‌వుడ్ కోట్లు పోసి తెచ్చుకున్న గుణాలు దాంట్ల ముందే ఉన్నయి. చిన్న గల్లీలు, వీధి మొఖం తలుపులు, దుకాణం మీద ఇల్లు, వందమంది ఓనర్లు. నడిచొచ్చే ముసలవ్వకు కూడా అది అందుతది.

ఊరి పక్కన కొత్త వెంచర్ పడితే ప్లాట్ రేటు మాత్రమే అడుగుతున్నం. ఇంకా అడగాల్సినయి ఉన్నయి. లోపలి రోడ్లు పక్క ఊరి రోడ్లకు కలుస్తయా, లేక చుట్టూ గోడ కట్టి ఒక్క గేటు పెడుతరా? బడికి పోయే పిల్ల రోడ్డు పక్క నడువనీకి జాగ ఉన్నదా? కిరాణా దుకాణం నడిచిపోయే దూరంల వస్తదా? బస్సు ఎక్కడ ఆగుతది? లేఅవుట్‌ల రోడ్లు, పార్కు జాగ పంచాయతీకో మున్సిపాలిటీకో రాసియ్యాలని మన దగ్గర రూల్ ఉన్నది. రాసిచ్చిన్రా లేదా అని కాగితం చూపియ్యమనుండ్రి. గ్రామసభల గానీ వార్డు మీటింగ్‌ల గానీ ఈ మాట లేపితే ఖర్చు ఏం కాదు. గీత ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే అడగాలె. తారు పడ్డంక అడిగితే వినెటోడు ఉండడు.