బందరు తీరమున రెండు దినములు

మనలో ననేకులకు ప్రయాణమనగా తీర్థయాత్రయో, పెండ్లియో, పురుడో తప్ప వేరొకటి లేదు. మ్రొక్కు లేనిదే బస్సెక్కుట దుబారా యని యెంచు పెద్దలు నేటికిని పెక్కిండ్లలో నున్నారు. మేము బందరు పోవుచున్నామని చెప్పగా మా పొరుగింటి పిన్నిగారు "అక్కడ ఏ దేవుడున్నాడమ్మా?" అని యడిగిరి. దేవుడును గలడు, చిలకలపూడిలో పాండురంగడు వెలసియున్నాడు. కాని మేము దేవునికొరకు మాత్రమే పోలేదు. మనము కట్టు బట్టకును, పండుగనాడు పిల్లలచేతిలో పెట్టు లడ్డునకును, విను పదమునకును పుట్టినిల్లు చూడవలెనని పోయితిమి. బెజవాడనుండి బస్సుమీద సుమారు 70 కిలోమీటర్లు. రెండు దినములు చాలును.

మచిలీపట్టణమును మనవారు బందరందురు. బందరనగా పారసీక భాషలో రేవు. గోలకొండ సుల్తానుల కాలమున నిది వారి రాజ్యమునకు ముఖ్యమైన సముద్రద్వారము. 17వ శతాబ్ది యారంభమున డచ్చివారు వచ్చిరి. 1611లో ఇంగ్లీషువారు వర్తకశాల నెలకొల్పిరి. పిమ్మట పరాసువారు వచ్చిరి; 1759లో వారి చేతినుండి ఇంగ్లీషువారు కోటను గైకొనిరి. ఇందరు సముద్రములు దాటి వచ్చుటకు ముఖ్యకారణము మన బట్టలు. చరిత్ర పుస్తకములలో రాజుల పేర్లనడుమ నీమాట యొక మూల నణగియుండును గాని, మాకదియే ప్రధానముగ దోచినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో ఈ ప్రాంతమున సుమారు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ దెబ్బనుండి యూరు మునుపటి వైభవమునకు తిరిగి రాలేదు. డచ్చివారి సమాధులును, బందరుకోట శిథిలములును నేటికిని నిలిచియున్నవి. 1902లో కృష్ణాపత్రికయు, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకియు పుట్టినది ఈ యూరనే. ఆ బ్యాంకి 2020లో వేరొక బ్యాంకిలో విలీనమైపోయినది.

ఇక లడ్డు సంగతి. బందరు లడ్డును తొక్కుడు లడ్డని యేల యందురో వండుచుండగా చూచినగాని తెలియదు. శనగపిండి ముద్దను చిల్లుల గొట్టమున నొత్తి సన్నని పూసగా నేతిలో వేచెదరు. ఆ పూసను రోటిలో పోసి దంచి, జల్లించి, బెల్లపు పాకమున కలిపెదరు. అంతటితో పని ముగిసినదనుకొనరాదు. ఆ ముద్దను మరల రోటికెక్కించి, నెయ్యి పోయుచు, మెత్తబడువరకు రోకలితో తొక్కవలెను. ఆ పిమ్మట యేలకులు, జీడిపప్పు చేర్చి యుండలు కట్టెదరు. మనయిండ్లలో బూందీ లడ్డు చేసినపుడు పూస పూసగా నుండుటయే గొప్ప యనుకొందుము. ఇచ్చట గుణము దానికి విరుద్ధము: నాలుకకు పలుకు తగులరాదు, కొరుకకుండగనే కరగవలెను, తిన్న పిమ్మట వ్రేళ్లకు నెయ్యి మిగిలియుండవలెను. పంచదారతో చేసినవియు నమ్ముచున్నారు గాని మా మనవి విందురేని బెల్లపుదే కొనుడు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. అయినను గుర్తింపు కాగితము రుచికి పూచీ కాదు. తొందరలో బస్సుల దాపున నొకచోట కొన్న పొట్లము విప్పగనే పాతనేతి వాసన కొట్టినది. మరునాడు ఊరిలో వేరొకచోట ముందుగా నొకటి రుచి చూపుమని యడిగి కొంటిమి. అట్లడుగుటకు సిగ్గుపడనక్కరలేదు, మంచివాడు తానే చేతిలో పెట్టును. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, గంటలకొలది కలియబెట్టి చేయు హల్వాయు నిచ్చట ప్రసిద్ధమే. గిలకలదిండి రేవున దిగు రొయ్యలు, పీతల రుచిని ఎరిగినవారే చెప్పవలెను. మేము పడవలను మాత్రము చూచి వచ్చితిమి.

బందరునకు పదికిలోమీటర్లకు పైగా దూరమున పెడన గలదు, రైలుబండియు నాగును. కలంకారీ యని మనము పిలుచు అద్దకపు బట్టలకిదియే యిల్లు. కాళహస్తిలో కలముతో బొమ్మలు వ్రాయుదురు. ఇచ్చట టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో నద్దుదురు. రంగునకొక అచ్చు. మొదట గుడ్డను పేడనీట నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లజేసెదరు. పిదప కరక్కాయ కషాయమున ముంచి యారవేసెదరు. త్రుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీట పులియబెట్టిన ద్రవముతో అచ్చు వేయగా, కరక్కాయ తగిలిన ఆ గుడ్డపై కండ్లయెదుటనే నలుపెక్కును. ఎరుపు పని మరింత విచిత్రము. ఎర్రరంగు అద్దుట యుండదు; పటికనీరు మాత్రమే అద్దుదురు. దానిని పారునీట జాడించి, మంజిష్ఠవంటి వేళ్లతో కాగులో నుడికింపగా, పటిక తగిలిన చోటులనే రంగు పట్టి తక్కినచోట పోవును. పూర్వము తీరపు టిసుకనేలలలో దొరకు చిరివేరునుండి యీ యెరుపు తీసెడివారు. దానికై దేశదేశముల వర్తకులు కాచుకొనియుండెడివారు.

కాలువలో నడుములోతు నీట నిలిచి గుడ్డలు జాడించుచున్న యొక యమ్మను మేము పలుకరించితిమి. "రంగు మేం వెయ్యమమ్మగారూ, నీళ్లే వేస్తాయి. కాలవకట్టేస్తే మాకు పనుండదు" అన్నది. పిల్లలు ఈ పని నేర్చుకొనుచున్నారా యని యడుగగా నవ్వి, "నేర్చుకుని ఏం తింటారండీ?" అన్నది. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది. తెరపట్టి రసాయనపు రంగులు పూయు బట్ట యొక్కపూటలో తయారగును. అచ్చుబట్టకు దినములు పట్టును. అంగడిలో రెండును కలంకారీ పేరనే అమ్ముడుపోవుచున్నవి. కొనువారు పోల్చుకొనలేనిచో ఈమె నీటిలో నిలుచుట యెందుకు? కావున మేము నేర్చుకొన్నది చెప్పెదము. గుడ్డను తిరుగవేసి చూడుడు: అచ్చుపని రంగు వెనుకవైపునకు దిగియుండును. పూవు పూవునకు నడుమ అచ్చు కలిసినచోట వెంట్రుకవాసి తేడా కనబడును. ఏ తేడాయు లేక అంతయు నొక్కతీరున నున్నచో తెరపని యని శంకింపవలెను. మాతో వచ్చినవారు దుప్పటి నొకదానిని సగము ధరకడిగిరి. మేము చెప్పినధర యిచ్చి తెచ్చుకొంటిమి. ఇంటివద్ద మొదటి ఉతుకు విడిగా, చన్నీట, ఉప్పు వేసి చేసి నీడన ఆరవేయుడు.

ఈ బట్టలకై పరదేశపు స్త్రీలు పడిన మోజును వినిన నవ్వును జాలియు గలుగును. పరాసుదేశమున 1686లో వీనిని నిషేధించిరి. ఇంగ్లండులో 1700లోను, మరల 1721లోను శాసనములు చేసిరి. 1719లో లండను వీధులలో నేతగాండ్రు అద్దకపుబట్ట కట్టిన స్త్రీలపైబడి గౌనులు చింపిరి. పొట్టకూటికై యేడ్చిన నేతగాని కోపమును అర్థము చేసికొనవచ్చును; దానికి ఆడుదాని మైమీది బట్టయే దొరకినదా?

చిలకలపూడి గిల్టునగలకు ప్రసిద్ధి. పెండ్లికి పోవలసియుండి బంగారము బీరువాలోనే యుంచదలచినవారికి మిగుల నుపయోగము. మంగినపూడి సముద్రము బందరునకు సుమారు 11 కిలోమీటర్లు. నేల నల్లని యొండ్రుమట్టి. లోతు మెల్లమెల్లగా హెచ్చును. కార్తిక, మాఘ పూర్ణిమలనాడు స్నానముల రద్దీ మిక్కుటము. ఆ దినములు విడిచి పోయినచో తీరమంతయు మనదే. 2023లో ఆ దాపుననే క్రొత్త రేవు నిర్మాణము మొదలిడిరి.

రెండవనాటి యపరాహ్ణము మొవ్వ, కూచిపూడి యూళ్లకుంచుకొనుడు. మొవ్వ గోపాలుని పేరనే 17వ శతాబ్దిలో క్షేత్రయ్య పదములు రచించెను. ఆ పదములలో పెక్కింట మాటలాడునది స్త్రీయే. ఆమె యలుక, ఆమె యెదురుచూపు. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి భామాకలాపమునకును సత్యభామయే ప్రాణము. అయినను ఆ సత్యభామ వేషము తరములపాటు మగవారే కట్టిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషమున ఖ్యాతిగాంచిరి. ఆడువారికి గజ్జె కట్టు అవకాశము ఆలస్యముగ వచ్చినది. 1963లో మద్రాసున వెంపటి చినసత్యముగారు నెలకొల్పిన అకాడమీలో ఎందరో బాలికలు నేర్చిరి. నేడీ నాట్యమున స్త్రీలే యెక్కువ. కూచిపూడి యరుగుమీద పరికిణీ దోపుకొని అడవులు వేయుచున్న యెనిమిదేండ్ల పిల్లను చూచి, ఇది నూరేండ్లనాడు సాగియుండదు గదా యనుకొంటిమి.

పోదలచినవారు కార్తికమునుండి ఫాల్గుణములోపల పోవుట మేలు. వేసవిలో కృష్ణకాలువలు కట్టివేయుదురు. అప్పుడు పెడనలో గుడ్డలు జాడించు పని చూడ దొరకదు. లడ్డును తిరుగు ప్రయాణపు దినముననే కొనుడు.